పాస్‌పోర్టులో ఏడేళ్ళు

“నోరు మూసుకుని కూర్చుంటే నీ సొమ్మేం పోద్దమ్మా? వయసు తప్పని నీ అంతట నువ్వే చెప్పుకుంటే పోలీసులు మనింటికే వస్తారు.”

“రానీరా. పిల్ల అక్కడ లోపలుంటే నేనిక్కడ అరుగు మీద కూర్చుని ఏం చెయ్యను?”

“నీ మీద కేసు పెడితే కోర్టుల చుట్టూ ఎవడు తిరుగుతాడు? నేనేగా!”

“నిన్ను తిరగమన్లేదు. నాకు కాళ్ళున్నాయి, ఊళ్ళోకి బస్సుంది.”

కొత్తపేట నుంచి వచ్చిన నా కొడుకు చెప్పులైనా విప్పకుండా అరుస్తున్నాడు. వాడిది కోపం కాదు, భయం. ఏజెంటును ఇంటికి తెచ్చింది వాడు. సంతకం పెట్టింది నేను.

చనిపోయిన నా కూతురి పిల్లను నేనే పెంచాను. ఊరికే ఇంట్లో కూర్చోకూడదని, ఇరవై మూడేళ్ళకు గల్ఫులో ఇంటిపనికి నేనే పంపాను. ముప్పై నిండని ఆడవాళ్ళను ఆ పనికి పంపరట. “ఏడేళ్ళే కదండీ మామ్మగారూ, ఎవరు చూడొచ్చారు?” అన్నాడు ఏజెంటు. వయసుకు బడి సర్టిఫికెట్టు అడక్కుండా, ఎనిమిదో తరగతి దాకా చదివిన పిల్ల బడి గడపే తొక్కలేదని, ముప్పై నిండాయని కాగితం మీద సంతకం చేశాను. నా చదువు మూడో తరగతి. దాని బడి సర్టిఫికెట్టును బియ్యం డబ్బా అడుగున దాచాను. ఏ కాగితమూ చింపే అలవాటు లేదు నాకు.

అక్కడ యజమాని జీతం ఇవ్వక, బయటి తలుపుకు తాళం వేసి ఉంచుతుంటే పిల్ల పారిపోయింది. రోడ్డు మీద పోలీసులు పట్టుకున్నారు. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోయింది. దేశం నుంచి పంపేసేవాళ్ళను ఉంచే చోట నాలుగు నెలలుగా ఉంది.

అమలాపురంలో ఆడవాళ్ళ కేసులు ఉచితంగా చూసే వకీలమ్మ ఉందంటే వెళ్ళాను. ఆవిడ చెప్పినవి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఇంటికొచ్చాను. లోపల పెట్టినంత మాత్రాన హక్కులు పోవు. మన ఎంబసీవాళ్ళతో మాట్లాడతానని అడగొచ్చు. తెలియని భాషలో రాసిన కాగితం మీద, చదివి చెప్పేవాళ్ళు లేకుండా సంతకం పెట్టనని అనొచ్చు. పాస్‌పోర్టు లేకపోయినా, మన దేశపు మనిషేనని తేలితే ఇంటికి రావడానికి ఎంబసీ ఔట్‌పాస్ అనే కాగితం ఇస్తుంది.

శుక్రవారాల్లో పిల్లకు రెండు నిమిషాలు ఫోను ఇచ్చేవారు. ఆ రెండు నిమిషాలూ నేను ఇవే అప్పజెప్పేదాన్ని.

“ఎంబసీ అని అడుగు. సంతకం పెట్టకు. విన్నావా?”

“ఆయ్, విన్నాను. అమ్మమ్మా, కొబ్బరి దింపు అయిపోయిందా?”

“అది నీకెందుకే ఇప్పుడు? చెప్పింది విను.”

ఫోను ఆగిపోయింది. తిన్నావా అని కూడా అడగలేదు దాన్ని. మళ్ళీ శుక్రవారం వచ్చేవరకు ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడేందుకు ఇంట్లో ఎవరున్నారు కనక. పొద్దున వండిన అన్నమే సాయంత్రమూ తిని పడుకున్నాను.

ఔట్‌పాస్ కోసం విచారణకు వచ్చిన కానిస్టేబులు పక్కింట్లో పిల్ల వయసు అడిగాడు. వాళ్ళు ఉన్నది చెప్పారు. పాస్‌పోర్టులో ఉన్న మనిషీ, మా పిల్లా ఒకరేనా అన్న అనుమానంతో ఔట్‌పాస్ ఆగిపోయింది.

“నిజం మీరే రాసివ్వాలండి మామ్మగారూ,” అంది వకీలమ్మ. “బడి సర్టిఫికెట్టు జతచేద్దాం. మీకు ఇబ్బంది రాదని మాత్రం నేను చెప్పలేనండి.”

ఆ మాట కొడుక్కి చెప్పినందుకే ఈ గొడవంతా. “నీ ఇష్టం, నన్ను మాత్రం పిలవకు” అని వాడు అన్నం తినకుండానే బండెక్కి వెళ్ళిపోయాడు. వాడికోసం చేసిన వంకాయ కూర మీద మూత పెట్టాను.

మర్నాడు మొదటి బస్సుకే అమలాపురం వెళ్ళాను. వాడు రాలేదు. వకీలమ్మ అడిగినవన్నీ చెప్పాను. సంతకం ఎవరిదంటే నాదే అన్నాను. ఏజెంటును ఎవరు తెచ్చారని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. ఆవిడ రాసింది చదివి వినిపించింది. కింద పేరు రాశాను. కాగితాలు ఎంబసీకి పంపిస్తామని, జవాబు ఎప్పుడొస్తుందో తెలియదని చెప్పింది. పదకొండింటి బస్సుకు ఇంటికొచ్చాను.