గూని జొన్న కోసం చర్ల దాకా

మా ఏన్కూరులో సాయంత్రం అయిదింటికి రోడ్డు పక్కన నేను పొయ్యి వెలిగిస్తే, తొమ్మిదింటి లోపు జొన్నరొట్టెలన్నీ అమ్ముడుపోతాయి. గొప్పలకు పోతున్నానని అనుకోకండి, నా ప్రయాణం మొదలైందే ఆ రొట్టెల వల్ల. రెండేళ్లుగా అవి నన్ను ఏడిపిస్తున్నాయి. బజారు జొన్నపిండిలో ఎంత వేడినీళ్లు పోసినా ముద్ద కుదరదు, పీట మీద తడుతుంటే అంచులు పగిలిపోతాయి. మా దవాఖానాలో నర్సుగా చేసే లక్ష్మి రోజూ రెండు రొట్టెలు కట్టించుకుపోతుంది. ఒకరోజు నా తిట్లు విని ఓ మాట చెప్పింది.

"మా అమ్మ కాడ గూని జొన్న ఉంటది అక్కా. కంకి బరువుకు మెడ వంచుకుంటది. మా ఊర్ల గిప్పుడు ఆమె ఒక్కతే ఏస్తది. దాని పిండి మస్తు సాగుతది."

లక్ష్మి వాళ్లు కోయవాళ్లు. వాళ్ల ఊరు చర్ల అవతల, అడవి అంచున. విత్తనం తెచ్చుకుని మన చేలో వేస్తానని మా ఆయనకు చెప్పాను. "మిర్చి చేన్ల జొన్న ఏస్తవా? మతి ఉండే మాట్లాడుతున్నవా?" అన్నాడు. ఆయన కంటికి మిర్చి తప్ప ఇంకో పంట ఆనదు. ఆయన్ని అడిగి బయలుదేరే అలవాటు నాకూ లేదు.

జూన్ మొదటి వారం, తొలకరి ఇంకా పడలేదు. ఉదయం ఆరూ ఇరవైకి కొత్తగూడెం బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా రూపాయల టికెట్టు చేతిలో పెట్టాడు. ఈ దారిన వెళ్లే ఆడవాళ్లు కార్డు మరిచిపోకండి, మగవాళ్లు జేబు చూసుకోండి. ఏడున్నరకు కొత్తగూడెంలో దిగి బస్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాను. ప్లేటు ముప్పై రూపాయలు. చట్నీలో నీళ్లు ఎక్కువ, పల్లీలు తక్కువ. ఎనిమిదింటి బస్సు పాల్వంచ మీదుగా తొమ్మిదిన్నరకు గోదావరి వంతెన ఎక్కింది. ఎండాకాలం గోదావరి కాబట్టి సగం ఇసుకే కనిపించింది. బస్సులో అందరూ భద్రాద్రి రాముడికి చేతులు జోడించారు. నేనూ జోడించాను, కాకపోతే పుణ్యానికి బదులు జొన్నలు అడిగాను.

భద్రాచలంలో పది గంటలకు చర్ల బస్సు దొరికింది. పక్క సీటులో ఒక పెద్దాయన పత్తి విత్తనాల ప్యాకెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"జొన్నలకా? గంత దూరమా? ఈ దిక్కు అందరు పత్తికి తిరిగిండ్రమ్మా. తిననీకి రేషన్ బియ్యమాయె. జొన్న దంచేటోళ్లు ఏరి?" అని సంచి మీద చెయ్యి వేసి నిద్రపోయాడు.

దుమ్ముగూడెం దాటాక రోడ్డు మీద గుంతలు మొదలయ్యాయి. చర్ల చేరేసరికి పన్నెండు దాటింది. అక్కడి నుంచి షేర్ ఆటో నలభై రూపాయలు. మధ్యలో పోలీసు క్యాంపు దగ్గర ఆపి కార్డులు చూశారు. ఏం పని మీద వచ్చావని ఒక కుర్ర కానిస్టేబుల్ అడిగాడు. జొన్న విత్తనానికి అంటే నమ్మలేనట్టు చూసి, తర్వాత నవ్వి పొమ్మన్నాడు. తారురోడ్డు అయిపోయిన చోట ఆటో దిగి అరగంట నడిచాను. నీళ్ల సీసా లేకుండా ఈ దారిన నడవకండి.

లక్ష్మి వాళ్లమ్మ కన్నమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. అరవై దాటి ఉంటాయి, మనిషి సన్నం, నడక జోరు. చెంబుతో నీళ్లిచ్చి, "మా పిల్ల ఫోన్ చేసింది చెల్లె. గుట్ట ఎక్కితేనే సిగ్నల్ వస్తది, నీ కోసం రెండుసార్లు ఎక్కిన" అంది. వెంటనే చల్లటి సామ జావ ముంత నిండా పోసింది. ఎండలో వచ్చిన ఒళ్లు ఒక్క గుక్కకే తేరుకుంది.

ఆ ఇంటిని చూసి నాకు కళ్లు చాలలేదు. మా ఇంట్లో రకానికొక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, అందులో అన్నీ కొన్నవే. ఆమె ఇంట్లో గోడ పొడుగునా ఎండిన ఆనపకాయ బుర్రలు వేలాడుతున్నాయి, మూతులకు పేడ మెత్తి ఉంది. ఒక్కొక్కటీ తట్టి చెప్పింది. ఇది సామ, ఎండాకాలం జావకు. ఇది కొర్ర, బాలింతకు అన్నం వండి పెడతారు. ఇవి తైదలు, అంటే రాగులు, పొద్దున్నే అంబలి తాగి పనికి పోతే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదట. ఇంకో బుర్రలో పేలాల జొన్న, పిల్లలకు వేయించి పెట్టేది. జొన్న దంటు పశువులకు, ముదురు దంటు దడికి, కొర్రగడ్డి దూడలకు. పారేసేది ఏమైనా ఉందా అని అడిగితే ఆలోచించి, "పేడ మూత" అని నవ్వింది. ఇంత తెలిసిన మనిషి ఎదుట నేను రొట్టెలు చేస్తానని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

పొయ్యి పైన అటుక కింద నాలుగు కంకుల కట్టలు పొగకు నల్లబడి వేలాడుతున్నాయి. ప్రతి కంకీ మెడ దగ్గర వంగి కిందికి చూస్తోంది. అదే గూని జొన్న. నా నోరు ఊరుకోదు కదా.

"అక్కా, దీని పిండితో ఒక్కసారి రొట్టె కొట్టి చూడాలె. చూసినంకనే విత్తనం సంగతి" అన్నాను.

కన్నమ్మ ఒక్క క్షణం పైకి చూసింది. "కొడుదువు తియ్ చెల్లె. ఎండ తగ్గేదాక చేలు చూసి రాపో" అంది.

ఊరి పూజారి భీమయ్య నన్ను పోడు చేలకు తీసుకెళ్లాడు. వాలు మీద నేల దున్ని వానకు సిద్ధంగా ఉంది. జొన్న, సామ, కంది, అనుములు అన్నీ కలిపే వేస్తారట. "ఒకటి పోతే ఒకటి ఉంటది. అన్నీ ఒక్కసారి పోవు" అన్నాడు. గూని జొన్న మాటెత్తితే ఆయన ముఖం వెలిగింది. "దాని కంకిల వాన నీళ్లు నిలువయి. చిలుకలు వాలుదామంటే పట్టు దొరకది. మా తాతలు అదే తిన్నరు. గిప్పుడు కన్నమ్మ ఇంట్లనే మిగిలింది. నిరుడు పందులు పడి చేను నాశనం చేసినయ్. రేపు విత్తనాల పండుగ. ముత్యాలమ్మకు చూపియ్యకుండ మేం ఏ గింజా నేల మీద ఏయం" అన్నాడు. నేను తలూపాను. ఆ మాటల్లో నాకు వినబడాల్సింది మాత్రం వినబడలేదు.

నాలుగింటికి తిరిగొచ్చేసరికి చేటలో పిండి సిద్ధంగా ఉంది. కన్నమ్మ తిరగలి పక్కన చెమట తుడుచుకుంటోంది. వాళ్లు జొన్నరవ్వతో ముద్దలాంటి గటక వండుకుంటారు, రొట్టె కొట్టరు. ఇక నా ప్రతాపం చూపించే వేళ వచ్చింది. వేడినీళ్లు పోసి పిసికితే పిండి ఒక్క పగులు లేకుండా ముద్దయింది. పీట మీద తడుతుంటే చెయ్యి ఎటు తిప్పితే అటు సాగింది. పెనం మీద ప్రతి రొట్టే పొంగింది. నాకు నిజంగా కళ్లలో నీళ్లొచ్చాయి. చప్పుడు విని పక్కిళ్ల ఆడవాళ్లు వచ్చారు. చింతచిగురు, ఎండుచేపల కూరతో అందరికీ పెట్టాను. జ్యోతి అనే పక్కింటి కొత్త కోడలు మూడు తిని, "గిది మన జొన్ననేనా?" అని పదిసార్లు అడిగింది.

పిండి అయిపోయాక వెనక్కి వాలి పైకి చూశాను. అటుక కింద ఒక్క కట్టే ఉంది.

"అక్కా, మిగతా మూడు కట్టలేవి?"

"తింటిమి గదా."

"అవి విత్తనం కంకులా?"

"మరేందనుకున్నవ్?"

"తినే జొన్నలు వేరే ఉంటయనుకున్న."

"ఇయ్యే తినేటియి, ఇయ్యే ఏసేటియి. పందులు వదిలింది గంతే చెల్లె."

"ముందే చెప్పొద్దా?"

"నువ్వు నోరు తెరిచి అడిగితివి. ఇంటికొచ్చిన మనిషి తిండి అడిగితే మేం లేదనం" అంది ఆమె, రేపు వాన వస్తుందన్నంత మామూలుగా.

నేను పుట్టింది రైతు ఇంట్లోనే. కానీ విత్తనం అంటే నాకు దుకాణంలో ప్యాకెట్టు, అయిపోతే ఇంకొకటి కొంటాం. ఒక ఊరి తాతల నాటి జొన్న మూడు వంతులు నా చేతులతోనే కాల్చి పంచానని తెలిశాక మిగిలిన ఆ ఒక్క కట్ట వైపు తలెత్తి చూడలేకపోయాను. ఆ రాత్రి వాళ్ల వాకిట్లో నులకమంచం వేశారు. పడుకున్నానే గాని నిద్ర పట్టలేదు.

ఉదయం ఎనిమిదింటికి ఊరి చివర ఇప్పచెట్టు కింద ముత్యాలమ్మ ముందు అందరూ కూడారు. ఇంటికొకరు మోదుగాకులో తమ గింజలు తెచ్చి పెట్టారు. పసుపుపచ్చ, తెలుపు, నలుపు, ఇటుక రంగు, ఆ ఆకులన్నీ పక్కపక్కన చూడటానికైనా మీరు ఈ ఊరు రావాలి. కన్నమ్మ తన ఆకు పెట్టింది. భీమయ్య వంగి చూశాడు.

"గింతేనా కన్నమ్మా?"

"ఈసారి గింతే" అంది ఆమె. నా వైపు కన్నెత్తి చూడలేదు.

నన్ను కాపాడుతోందని అర్థమై ఇక కూర్చోలేకపోయాను. లేచి, "తప్పు నాది పెద్దయ్యా. నేను అడిగితే అక్క విత్తనం దంచింది. రొట్టెలు చేసి అందరికీ తినిపిచ్చింది నేనే" అన్నాను. భీమయ్య ఆ ఆకునే ముత్యాలమ్మ ముందుకు జరిపాడు. వాళ్లు తిట్టినా బాగుండేది.

అప్పుడు జ్యోతి లేచింది. "అత్తా, నాకు ఒక పిడికెడు ఇస్తవా? మా చేన్ల గూడ ఏస్త" అంది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక మరో ఇద్దరు లేచారు. అందరూ నిన్న రొట్టె తిన్నవాళ్లే.

కన్నమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మూడేండ్ల సంది ఏస్కోండి, ఏస్కోండి అని మీ ఇండ్ల చుట్టు తిరిగితి. పత్తి పత్తి అంటిరి. నిన్న నోటికి తగిలినంక యాదికొచ్చిందా?" అని తిట్టింది. తిడుతూనే కళ్లు ఒత్తుకుంది. భీమయ్య మంత్రం చదివి, నీళ్లు చల్లి, ఆ కాసిని గింజలను అయిదు ఇళ్లకు పంచాడు. కన్నమ్మకూ అందరితో సమానంగా పిడికెడే వచ్చింది.

మధ్యాహ్నం బయలుదేరుతుంటే ఆమె తన ఆకు విప్పి అందులో సగం నా కొంగులో పోయబోయింది. వద్దని కొంగు వెనక్కి లాక్కున్నాను. నాకు ఆ హక్కు ఎక్కడిది?

"పట్టు చెల్లె. ఆ అయిదు చేలు ఒక్క గుట్ట మీదనే ఉన్నయ్. పందులు వస్తే అయిదింటి మీద పడతయ్. దూరంగ ఒక ఇంట్ల ఉండాలె. మా కాడ పోతే నీ కాడికి వస్త, లేదనకుంట ఇయ్యాలె" అంది.

చర్లలో నాలుగింటి బస్సు పట్టుకుని ఆరింటికి భద్రాచలం చేరాను. బస్టాండులో మిరపకాయ బజ్జీ, టీ, కలిపి నలభై. ఈ రెండు రోజుల్లో నేను చూసిన పంటలు ఏ సంతలోనూ చూడలేదు. అయినా వాటికంటే వాటిని కాపాడుతున్న ఆ మనసే నాకు పెద్దదిగా కనిపించింది. మీరూ వెళ్లండి, చూడండి. అక్కడ ఏదైనా అడిగే ముందు మాత్రం ఒకటికి పదిసార్లు ఆలోచించుకోండి.

కొత్తగూడెం బస్సు కోసం చూస్తుండగా మా ఆయన ఫోన్ చేశాడు.

"దొరికిందా?"

"దొరికింది, అర పిడికెడు."

"గదానికి రెండు రోజులా? ఒక్క రొట్టె గూడ కాదు గదా."

"ఈ యేడు దీంతోని రొట్టె చెయ్య. బావి కాడి మడి నాకు ఇడిచిపెట్టు. అండ్ల మిర్చి ఏసేది లేదు."

అటువైపు ఆయన మిర్చి లెక్కేదో గొణుక్కున్నాడు. "సరే, ఇడుస్త. పందులు దిగితే? కావలి ఎవరుంటరు?" అన్నాడు.

"నేనుంట. నువ్వు రొట్టెల పొయ్యి కాడ ఉండు" అన్నాను.