సగం పాలిష్ పెట్టిన రాయి

ఎండాకాలం మధ్యాహ్నం మా కర్నూలు ఆఫీసులో ఏది ముట్టుకున్నా వేడే. నా బల్ల మీది కడప రాయి ముక్క మాత్రం చల్లగా ఉంటుంది. సగం పాలిష్ పెట్టింది, సగం గనిలోంచి తీసినట్టే గరుకుగా వదిలేసింది. మహబూబ్ బాషా సారు ఇచ్చారు. ఈ నాపరాళ్ల కంపెనీ ఆయనదే. పోయిన వారం ఆయన పోయారు. ఇంటర్నెట్లో ఉద్యోగస్తుల నెట్‌వర్క్‌లో కంపెనీ పేజీ చూసేది నేను కాబట్టి ఆ కబురూ నేనే రాయాలి. సారు లేరని రాసిన ప్రతిసారీ చెరిపేస్తున్నాను.

చేరిన కొత్తలో అదే నెట్‌వర్క్‌లో నా గురించి రాసుకున్నాను. నిబద్ధత, నాయకత్వ లక్షణాలు, సవాళ్లంటే ఇష్టం, ఇలాంటివన్నీ. సారు ఫోను దూరంగా పట్టుకుని చివరిదాకా చదివారు.

"ఎవురమ్మా ఈమె? మన ఆఫీసులోనే ఉండాదా?"

నాకు తల కొట్టేసినట్టయింది.

"కోసిగి ఊరి పిల్లవి, ఇందులో యాడుండావు నువ్వు? నీ మాట ఒకటన్నా రాయమ్మా."

పౌరుషం వచ్చి ఈసారి అంతా రాసేశాను. అమ్మానాన్నలు ఏటా గుంటూరు వైపు మిరప కోతలకు, మా వైపు మాటలో సుగ్గికి, వలస పోవడం, నన్ను హాస్టల్లో వదలడం, బస్టాండులో అమ్మ సంగతి ఒకటి. అది చదివితే ఎవరైనా కరిగిపోతారు. పెద్ద కంపెనీల కంట్లో పడాలని నా ఆశ. పోస్టు చేసే ముందు సారుకి చూపించాను. ఆయన చదివి ఫోను బల్ల మీద పెట్టారు.

"మీ అమ్మనడిగినావా?"

అడగలేదు. అక్కడినుంచే ఫోను చేసి అమ్మకు చదివి వినిపించాను.

"సుగ్గికి పోయినామని రాసుకో పాపా. కష్టం చేసి బతికినాం, దాంట్లో సిగ్గేముండాది? ఆ బస్టాండు సంగతి మాత్రం వద్దు. అది నాది" అంది అమ్మ.

అప్పుడు సారు సొరుగులోంచి ఈ శాంపిల్ రాయి తీసి నా ముందు పెట్టారు.

"కొనేవాళ్లకి రెండూ సూపిస్తాం. ఉత్త పాలిష్ సూపిస్తే శానామంది నమ్మరు. అట్లని గనినంతా ఎత్తుకొచ్చి సూపిస్తామా?"

బస్టాండు తీసేసి పోస్టు చేశాను. పెద్దగా ఎవరూ చూడలేదు. అమ్మ మాత్రం పక్కింటి పిల్ల చేత మళ్లీ మళ్లీ చదివించుకుందట.

ఇవాళ సాయంత్రానికి సారు గురించి నాలుగు వాక్యాలు నిలిచాయి. కూలీల పక్కన కింద కూర్చుని టీ తాగేవారని, కోపమొస్తే ఉర్దూలో తిట్టి, ఆ తిట్టుకు తెలుగులో అర్థం చెప్పి తనే నవ్వేవారని రాశాను. ఆసుపత్రిలో చివరిసారి నా చెయ్యి పట్టుకుని ఆయన అన్న మాట ఒకటుంది. అది పెడితే ఎంతమంది చదువుతారో నాకు తెలుసు. అక్కడ రాయలేదు. ఇక్కడా రాయను.