కార్లిస్టులంటే ఒక్క ముక్కలో

దేన్నయినా ఒక్క ముక్కలో చెప్పమనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళలో మొదటివాణ్ణి నేనే కాబట్టి ఇంకాస్త ఎక్కువ మండుతుంది.

బందరులో ఒక కాలేజీలో చరిత్ర చెబుతాను. కిందటేడు ఎం.ఏ. వైవాలో దివిసీమ అమ్మాయి ఒకామె స్పెయిన్ కార్లిస్టుల మీద రాసిన ప్రాజెక్టు పట్టుకుని వచ్చింది. రోజూ రెండు బస్సులు మారి వచ్చి చదువుకున్న పిల్ల. ఆమెకు ఫస్టు క్లాసు రావాలంటే ఈ మార్కులే ఆధారం. అది వస్తేనే పరిశోధనకు దరఖాస్తు పెట్టుకునే వీలుంది. గైడుని నేనే. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆఖరి ప్రతి చదవకుండానే సంతకం పెట్టాను.

పందొమ్మిదో శతాబ్దంలో స్పెయిన్ రాజు చనిపోతే పసిపిల్లయిన కూతురికి కిరీటం పెట్టారు. కాదు, రాజు తమ్ముడికే దక్కాలని పట్టుబట్టినవాళ్ళకు ఆ తమ్ముడి పేరు మీద కార్లిస్టులని పేరొచ్చింది. తమ్ముడు పోయినా పేరు పోలేదు. వందేళ్ళ తర్వాత తుపాకులు పట్టిన వాళ్ళ వారసులనూ అలాగే పిలిచారు. రాజు, చర్చి, పాత ఆచారం, ఇదీ వాళ్ళ పాట. కానీ వాళ్ళలో పల్లెటూరి రైతులు బోలెడంతమంది. తమ సీమకు తరతరాలుగా ఉన్న హక్కుల్ని రాజధానిలోని కొత్త ప్రభుత్వం లాగేసుకుంటుందని వాళ్ళ భయం.

వైవాకు గుడివాడ నుంచి ఒక పెద్దమనిషి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరుగా వచ్చారు. మా దగ్గర వైవా అంటే సగం చదువు, సగం మగపెళ్ళివారి మర్యాద. రాగానే టిఫిను, మధ్యాహ్నం భోజనం, వెళ్ళేటప్పుడు శాలువా. ఆయన మాటకు అడ్డు చెప్పకూడదు. పిల్లల ముందు అసలే చెప్పకూడదు. తగలెయ్య ఆ మర్యాద!

“కార్లిస్టులంటే ఎవరమ్మా? ఒక్క ముక్కలో చెప్పు,” అన్నారాయన.

“ఒక్క ముక్కలో కుదరదండీ. రాజు మనుషులేనండీ, కానీ అందరూ రాజు కోసమే రాలేదు. మా లంకలో మురుగు కాలవలో ఎవరైనా చేపలు పట్టుకునేవాళ్ళండీ. స్వరాజ్యం వచ్చాక సర్కారువాళ్ళు దాన్ని వేలం పెట్టారు. మా తాతయ్య పోయేదాకా తెల్లదొరల కాలమే నయం అనేవాడు. దొరల మీద ప్రేమ కాదండీ, కాలవ పోయిందని కడుపుమంట. అలాంటివాళ్ళు అక్కడా ఉన్నారండీ.”

నేను ఇన్నేళ్ళు పాఠం చెప్పి ఒక్కసారైనా ఇంత బాగా చెప్పలేదు. ఆయన మాత్రం పకపకా నవ్వారు.

“స్పెయిన్ గురించి అడిగితే చేపల గొడవేంటమ్మా? మూఢ రాజభక్తులు, అంతే. ఇదిగో, మీ సారు నోట్సులోనే ఉంది.”

సంచీలోంచి జిరాక్సు కాగితాలు తీశారు. నావే. ఎప్పుడో సిలబస్ పూర్తికాక, గంట కొట్టేలోపు ముగించేయాలని క్లాసులో పడేసిన వాక్యం అది. పిల్లలు రాసుకున్నారు, జిరాక్సు షాపులు అమ్ముకున్నాయి, గుడివాడ దాకా పోయి నా నెత్తిన పడటానికి తిరిగొచ్చింది.

“ఏమంటారు మాస్టారూ?” అన్నారు నా వైపు తిరిగి.

ఆ వాక్యం తప్పండీ, అంటే సరిపోయేది. మూడే మాటలు. నేను మాత్రం, “టీ చల్లారిపోతోందండీ,” అన్నాను.

ఆయన టీ తాగి మార్కులు వేశారు. ఫస్టు క్లాసు పోయింది. దాని కింద నేనూ సంతకం పెట్టాను. శాలువా కప్పిందీ నేనే. ఈ చేతులు విరిచేసుకోవాలనిపిస్తుంది ఇప్పటికీ.

ఆ కోపం ఎవరి మీద తీర్చుకున్నాను? వరండాలో నిలబడ్డ ఆ పిల్ల మీద.

“అంత మాట అన్నప్పుడు ఆధారాలు చూపించాలి కదమ్మా! నోట్సులో అలా ఉందని నీకు తెలీదా?” అని అరిచాను.

“తెలుసండీ. అది ఎందుకు తప్పో ఒక పేజీ రాశాను. బైండింగుకి ఇచ్చేముందు తీసేశానండీ. మీ పేరు పోతుందని.”

“మరి ఎవరైనా అడిగితే ఏం చెబుదామనుకున్నావ్?”

“మీరు చెప్తారనుకున్నానండీ.”