లిండ్‌క్విస్ట్ గారికి కాగితం కావాలి

అక్టోబరులో ఒక మంగళవారం చరిత్ర విభాగం భవనంలో అగ్నిప్రమాద గంట మోగింది. ఎవరో రొట్టె మాడ్చారు. అందరూ చలిలోకి పరుగెత్తారు, ప్రొఫెసర్ ఆర్విల్ లిండ్‌క్విస్ట్ తప్ప. ఫైరింజను మనిషి మూడో అంతస్తు ఎక్కి, “కిందికి దిగండి సార్” అన్నాడు. “అలాగే. ఆ మాట రాసివ్వు” అన్నారాయన. పాపం ఆ మనిషి చేతి తొడుగు విప్పి, గోడ మీది నాటకం ప్రకటన చింపి, వెనకాల ‘దిగండి’ అని రాసిచ్చాడు. లిండ్‌క్విస్ట్ సంతకం, తేదీ కూడా పెట్టించుకుని దిగారు.

ఆయన రోగం అదొక్కటే. నోటిమాటకు కదలరు. రోమ్ చరిత్ర చెప్పే ఈ పెద్దమనిషి విభాగాధిపతి డోరీన్ పులాస్కీ ప్రాణానికి తొమ్మిదేళ్లుగా చుట్టుకున్నారు. “మీటింగు గది మారిందండీ” అంటే “రాసివ్వు.” “రేపు సెలవండీ” అంటే “రాసివ్వు.” ఒకసారి విందులో “ఇంకో ముక్క ఆపిల్ కేకు వేసుకోండి” అని నోరు జారింది. ఆయన కలం కోసం జేబు తడుముకుంటుంటే డోరీన్ పళ్లెంతో సహా పారిపోయింది.

ఫిబ్రవరిలో డీన్ గేన్స్ ఆమెకు ఫోన్ చేశాడు.

“మీ రెనాటా ఎస్కొబేడో క్లాసులో మన ఊరి పాత మాంసం ఫ్యాక్టరీ సమ్మె గురించి మూడు వారాలు చెబుతోందట. ఆ ఫ్యాక్టరీ యజమాని మనవడు మన పాలకమండలిలో ఉన్నాడు. ఆ పాఠం తీసేయమను. నేను చెప్పానని మాత్రం అనకు. ఈమెయిల్ అసలే వద్దు.”

“వినకపోతే?”

“ఏప్రిల్లో ఆవిడ కాంట్రాక్టు పొడిగింపు నా బల్ల మీదికే కదా రావాలి!”

డోరీన్‌కి రాత్రంతా నిద్ర లేదు. పొద్దున కాఫీ గదిలో రెనాటాకు విషయం చెప్పేసింది.

“ఆ మూడు వారాలూ తీసేస్తే కోర్సులో మిగిలేది హాజరుపట్టీ ఒక్కటే” అంది రెనాటా. “నా ఉద్యోగం ఉండాలంటే అంతేనా?”

కాఫీ పోసుకుంటున్న లిండ్‌క్విస్ట్ తిరిగారు. “ఎవరు తీసేయమన్నది?”

“డీన్ గారు” అంది రెనాటా.

“కాగితమేదీ?”

“మీకు దణ్ణం పెడతాను, ఆర్విల్! ఇందులో తల దూర్చకండి!” అంది డోరీన్. అప్పటికే ఆయన మెట్లు దిగిపోతున్నారు. కోటయినా వేసుకోకుండా వెంట పరుగెత్తింది.

వెళ్లేసరికి ఆయన డీన్ ఎదుట కుర్చీలో స్థిరపడి ఉన్నారు.

“సమ్మె పాఠం ఆపమన్నారట. రాసివ్వండి.”

గేన్స్ డోరీన్ వైపు కొరకొర చూశాడు. “నేనా? అబ్బే! అలాంటి ఆదేశమేదీ లేదండీ.”

“సంతోషం. అయితే లేదనే రాసివ్వండి.”

“లేనిదానికి కాగితమెందుకండీ?”

“ఉన్నదానికీ ఇవ్వక, లేనిదానికీ ఇవ్వకపోతే ఎలా? పర్వాలేదు, ఇక్కడే కూర్చుంటాను. ఇవాళ నాకు క్లాసుల్లేవు.” సంచీలోంచి సాండ్‌విచ్ తీసి, డీన్ బల్ల మీద రుమాలు పరిచారు.

బయట కాలేజీకి విరాళాలిచ్చే దాతలిద్దరు డీన్ కోసం ఎదురుచూస్తున్నారు. సాండ్‌విచ్‌లో ఉల్లిపాయలున్నాయి. పది నిమిషాల్లో గేన్స్ పళ్లు నూరుతూ, లిండ్‌క్విస్ట్ చెప్పింది చెప్పినట్టు రాసి సంతకం గీకాడు.

బయటికొచ్చాక డోరీన్ ఆ కాగితం లాక్కుని చదివింది. ‘చరిత్ర విభాగంలో సమ్మె పాఠం చెప్పడానికి అభ్యంతరం లేదు. ఈ పాఠంపై వచ్చే ఫిర్యాదులన్నీ ప్రొఫెసర్ లిండ్‌క్విస్ట్‌కే పంపవలెను. బాధ్యత ఆయనదే.’ రెనాటా పేరు ఎక్కడా లేదు. మళ్లీ చదివింది. తీసేయడానికి వీల్లేని శాశ్వత ఉద్యోగం విభాగంలో ఎవరికుందో ఈ ముసలాయనకు బాగానే గుర్తుంది.

కళ్లు చెమర్చబోతుంటే కోపం తెచ్చుకుంది. “ఏమిటండీ ఇది! పాఠం ఆ పిల్లది, తిట్లు మీకా? ఊరంతా మిమ్మల్ని ఆడిపోసుకుంటూ ఉత్తరాలు రాస్తుంది, తెలుసా?”

“రాయనీ డోరీన్, నాకు పోస్టులో కరెంటు బిల్లు తప్ప ఇంకేదైనా వచ్చి ఆరేళ్లయింది.”