నెట్ దగ్గర మునెయ్య

తిరుపతి టోర్నమెంటు ఫైనల్ మొదలుకాబోతుండగా మునెయ్యను పక్కకు నెట్టి, ఆ చోటు దామోదరానికి ఇచ్చారు. అతను మునెయ్య చేతిలోని బ్యాట్ కూడా లాక్కున్నాడు. దామోదరం నూనెమిల్లు యజమానికి బావమరిది. అంతకుమించిన అర్హత అతనికి లేదు. కప్పు అందుకునే ఫోటోలో తమవాడుండాలని యజమాని ముచ్చటపడ్డాడు, అంతే.

చిత్తూరులోని ఆ మిల్లు మునెయ్యను పనికి పెట్టుకున్నదే బాల్ బ్యాడ్మింటన్ కోసం. శనక్కాయల బస్తాల దగ్గర ఉద్యోగం పేరుకే. సాయంత్రం కోర్టులోదే అసలు పని. అతనిది నెట్ దగ్గర చోటు. అవతలివాళ్ళు కాళ్ళ మీదికి కొట్టిన ఉన్ని బంతిని నేల తాకకముందే ఎత్తి, నెట్‌కు ఆనుకుని మెత్తగా దింపేవాడు. అందుకోసం బ్యాట్ తీగలు తనే బాగా వదులుగా అల్లుకునేవాడు. "బిగిస్తే బంతి నా మాట వినదబ్బా" అనేవాడు.

వెనక వరుసలో ఆడే ఎల్లప్పకు ఆ సంగతి తెలుసు. దామోదరానికి తెలియదు. బలంకొద్దీ కొట్టిన ప్రతి బంతీ నెట్‌లోనే కూలబడింది. జట్టు ఓడింది.

తిరుగు బస్సులో దామోదరం లేచి నిలబడి అరిచాడు. "వీడు కావాలనే తీగలు సడలించి ఇచ్చినాడు! మా పరువు తీసినాడు!"

"నేను యాడ ఇచ్చినానప్పా? నువ్వే గదా గుంజుకుంటివి!" అన్నాడు మునెయ్య.

బస్సంతా ఘొల్లుమంది. ఆ నవ్వే కొంప ముంచింది. మర్నాటికల్లా మునెయ్యకు మిల్లులో పని పోయింది. జట్టును అమ్ముకున్నవాడన్న పేరు మాత్రం మిగిలింది. ఎల్లప్పకు ఒళ్ళు మండింది. ఆ మచ్చ ఎప్పుడు పోతుందా అని ఏళ్ళ తరబడి కాచుకున్నాడు.

మునెయ్య పలమనేరు చేరాడు. పొద్దున పాలక్యాన్లు మోసేవాడు, సాయంత్రం బడి వెనక నెట్ కట్టి ఆడపిల్లలకు ఆట నేర్పేవాడు. ఆడపిల్లలకు బంతాటలేమిటని మొదట విరుచుకుపడింది వరదమ్మ. కూతురు పంకజాక్షి లంగా ఎగదోపి బంతులెత్తడం చూశాక ఆమే రోజూ వచ్చి గట్టు మీద కూర్చునేది.

"వంగవే! ఇంటికాడ ముగ్గేసేటప్పుడు వంగవా?"

"అక్కా, కోచ్ నువ్వా, నేనా?" అని నవ్వేవాడు మునెయ్య.

ఆ పిల్లలు జిల్లా పోటీల్లో గెలవసాగారు. మిల్లు జట్టు మాత్రం ఓడి ఓడి నవ్వులపాలైంది. పంతొమ్మిదివందల ఎనభై మూడులో యజమాని పోయాక, అతని కొడుకు ఎల్లప్పను పలమనేరుకు పంపించాడు.

"కోచ్‌గా రమ్మన్నారు రా మునెయ్యా! నీది తప్పు లేదని అందరి ముందరా చెప్తారంట."

"ఎవురు చెప్పేది?"

"దామోదరమే."

మునెయ్య మొహం విచ్చుకుంది. "వాడే? ఒప్పుకున్నాడా? సాలు పో."

"సాలు ఏందిరా! వస్తావా, రావా?"

ఆ తర్వాత ఎల్లప్ప మళ్ళీ పలమనేరు వైపు వెళ్ళలేదు. కోర్టులో పిల్లల మీది నుంచి చూపు తిప్పకుండా మునెయ్య ఆ సాయంత్రం అన్నదే అతని నోట ఎల్లప్ప విన్న ఆఖరి మాట.

"యాడికి వచ్చేదబ్బా? రేపు శ్రీకాళహస్తిలో వీళ్ళ ఆట ఉండాది. మీ మొగోళ్ళకి ఎవురైనా దొరుకుతారు. నేను పోతే వీళ్ళని మళ్ళా ఇండ్లల్లోకి తోలేస్తారు. నువ్వు చొక్కా ఇప్పి, బ్యాట్ పట్టుకోని నెట్‌కి ఆ పక్క నిలబడు. పిల్లోళ్ళని సూసి జాలిపడబాక, గట్టిగా కొట్టు."