ఏడు మరిచిన లెక్క

నిజాంసాగర్ కట్ట పని అయిపోయాక ఎల్లారెడ్డి కూలీలు చాలామంది బొంబాయి బట్టల మిల్లులకు పోయారు. గంగమణి మగడు భూమేశ్ కూడా పోయాడు. పోయే పొద్దున ఆమె చింతపండు కొట్టి గింజలు తీస్తుంటే, ఆ కుప్పలో చెయ్యి పెట్టి ఒక లెక్క చెప్పాడు.

"గింజలు రెండేసి పేర్చు, ఒక్కటి మిగలాలె. మూడేసి పేర్చు, మల్ల ఒక్కటే. గట్ల పదేసి దాంక ఎట్ల పేర్చినా ఒక్కటే మిగలాలె. అన్నిట్ల చిన్న లెక్క ఏదో చెప్పు."

"చెప్తే?"

"చెప్పిన్నాడు వస్త."

అతను నవ్వుతూ అన్నాడు. ఆమె నవ్వలేదు.

ఆనాటి నుంచి పని ముగిశాక వాకిట్లో గింజలు పరిచేది. నున్నని గింజల వరుసలు వాన చూడని కాలువల్లా సాగేవి. చివర మిగిలిన ఒక్క గింజను చూస్తే తన చాపలో సగం ఖాళీ గుర్తొచ్చేది.

చివరికి మూడు వందల అరవై ఒకటి తేలింది. బొంబాయి పోతున్న హన్మండ్లుకు ఆ లెక్క అప్పగించింది.

"అందరు మొగుళ్లకు సద్ది పంపుతరు, చెల్లె. నువ్వు లెక్క పంపుతున్నవ్," అన్నాడు హన్మండ్లు.

చలికాలంలో అతనొక్కడే తిరిగొచ్చాడు. "భూమేశ్ ఒక్కటే మాటన్నడు చెల్లె. ఏడు మరిచిందట."

పక్కన వడ్లు కొలుస్తున్న పొరుగింటి ఎంకవ్వకు ఒళ్ళు మండింది. "ఏడువ మరిచిందా? రోజు సూస్తలేనా నేను? ఇల్లు మరిచింది వాడు." అని మళ్ళీ కొలతకు వంగింది. "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది..."

కొలతలో మొదటిది ఒకటి కాదు, లాభం. ఏడును ఏడు అనరు, ఏడుపు వినిపిస్తుందని. గంగమణి చేతులు ఆగిపోయాయి. మగడు దూరాన ఉండగా ఏడేసి పేర్చడానికి తనకు మనసొప్పలేదు. అప్పట్లో చెయ్యి ఆరు నుంచి ఎనిమిదికి దాటింది.

ఇప్పుడు ఏడేసి పేర్చి చూసింది. నాలుగు మిగిలాయి.

ఒక గింజ పక్కన పెట్టింది. తక్కిన మూడు వందల అరవై మిగతా అన్ని వరుసల్లోనూ సరిగ్గా ఒదుగుతాయి. మరి ఏడులో కూడా ఒదగాలంటే అలాంటి కుప్పలు ఏడు కావాలి. ఒక్కో కుప్ప పోస్తూ పోయింది. చివరి దాని దగ్గర పైకే అంది, "ఏడు." అన్నాళ్ళుగా ఆపుకున్నది కళ్ళలోంచి జారింది. పక్కన పెట్టిన గింజను కలిపితే రెండు వేల అయిదు వందల ఇరవై ఒకటి. మళ్ళీ ఏడేసి పేర్చింది. వాకిలి నిండింది.

"ఎన్ని మిగిలినయే?" అంది ఎంకవ్వ.

"ఒక్కటి."

"ఒక్కటనకు. లాభమను. ఎవలతోని పంపుతవ్ ఈ లెక్క?"

గంగమణి ఆ గింజను కొంగున ముడేసుకుంది.

"ఎవలతోని పంప. కామారెడ్డి రైలుకు అందే బండి ఎప్పుడు పోతది, అవ్వ?"