చివరిసారి వినాలనుకున్న పది రికార్డులు

దివిసీమ ఉప్పెనకు ముందు ఏడాది, జూలైలో ఒక సోమవారం, నల్లబల్ల మీద లెక్క రాస్తూ దగ్గాను. చేతిరుమాలు మీద బియ్యపు గింజంత ఎర్రటి చుక్క కనిపించింది. పిల్లలు చూడకుండా రుమాలు మడిచి, లెక్క పూర్తి చేశాను.

నా పేరు సువార్త. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక ప్రైమరీ స్కూల్లో టీచర్ని. అప్పటికి నాకు ముప్ఫయి మూడేళ్లు. మావారు దేవదానం రైల్వేలో గుమాస్తా. మాకు ఒక్కతే పాప, మేరీ. రెండు నెలలుగా సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతున్నా, సుద్దపొడి పడక దగ్గొస్తోందని సర్దిచెప్పుకుంటూ వచ్చాను.

డాక్టరుగారు ఎక్స్‌రే కిటికీ వెలుగులో పెట్టి చూశారు. "కుడివైపు పైన ప్యాచ్ ఉందమ్మా. స్ప్యూటమ్ పాజిటివ్, అంటే కళ్లెలో క్రిములున్నాయి. టీబీ. మందులున్నాయి, నయమవుతుంది. ఏడాదిన్నర మానకుండా వాడాలి."

"మధ్యలో మానితే ఏమవుద్దండీ?" అని మావారు అడిగారు.

"మానితే మాత్రం నా చేతుల్లో ఉండదు."

ఆయన చెప్పినవాటిలో నా చెవిన పడింది ఆ ఒక్క మాటే. పామర్రులో మా చిన్నాన్న ఈ జబ్బుతోనే పోయాడు. కాస్త తేరుకోగానే ఇంజెక్షన్లు మానేశాడు. ఆరు నెలలు తిరక్కుండానే ఆయన్ని మోసుకెళ్లారు.

మేరీకి కూడా ఎక్స్‌రే తీయించాం. ఏమీ లేదన్నాక పామర్రులో మా అమ్మ దగ్గరికి పంపేశాం. నేను స్కూలుకు సెలవు పెట్టాను. రోజూ పొద్దున్నే కాంపౌండరు ఇంటికొచ్చి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ చేసేవాడు. మొదటి రోజే, "చెవుల్లో మోతగానీ, తల తిరగడంగానీ ఉంటే చెప్పండమ్మా. కొందరికి పడదు, వినికిడి పోతుంది" అన్నాడు. తలూపాను.

ఇంట్లో నాకు తోడు రికార్డ్ ప్లేయరొక్కటే. పెళ్లయినప్పటి నుంచి మావారూ నేనూ కూడబెట్టుకున్న ఎల్పీలు నలభై దాకా ఉండేవి. వీణ, వయొలిన్, నాదస్వరం, సితార్, క్రైస్తవ కీర్తనలు, పాత సినిమా పాటలు. ఆదివారం చర్చి నుంచి రాగానే, అన్నిటిలోకీ గొప్పవి పది ఏవో చెప్పమని ఒకరినొకరం అడుక్కోవడం మాకో ఆట. నేను వయొలిన్‌ని ముందు పెట్టేదాన్ని, ఆయన నాదస్వరాన్ని. ఏ వారమూ మాకు కుదిరేది కాదు.

ఆరోవారంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగింది. చెవుల్లో కీచురాయి అరుస్తున్నట్టుంది. కిటికీ మూశాను, ఆగలేదు. లేచి నిలబడితే గోడ పక్కకు జరిగినట్టయింది.

అదేమిటో నాకు తెలుసు. తెలిసే ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంజెక్షన్ ఆపేస్తారు. ఆపేస్తే చిన్నాన్నలా పోతాను. చెప్పకపోతే చెవులే కదా పోయేది! మర్నాడు కాంపౌండరు "ఎలా ఉందమ్మా?" అంటే, "బాగానే ఉందయ్యా" అన్నాను.

ఆ రోజే ఒక కాగితం తీసుకుని పైన "చివరిసారి వినవలసినవి" అని రాసి, కింద పది అంకెలు వేశాను. ఆదివారాల ఆటలా లేదది. అందరూ మెచ్చుకునే సితార్ రికార్డును ఒక్క క్షణంలో కొట్టేశాను. గీతలు పడిన సినిమా పాటల రికార్డు మాత్రం ఉంచాను. అందులో మూడో పాట దగ్గర ముల్లు ఎగిరితే మేరీ పకపకా నవ్వేది. ఆ రికార్డు పేరు రాస్తుంటే మేరీ గొంతు ఏ రికార్డులోనూ లేదని తట్టింది. కలం కింద పెట్టేశాను.

నాలుగు రోజుల తర్వాత వయొలిన్ రికార్డు పెట్టాను. రాగం పైకి వెళ్లేచోట శబ్దం లేదు. రికార్డు తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ అక్కడికి రాగానే కీచురాయి తప్ప ఏమీ లేదు. మావారు డ్యూటీ నుంచి రాగానే, "ఈ రికార్డు అరిగిపోయిందేమో చూడండి" అన్నాను.

ఆయన నిలబడే విన్నారు. "అరగడమేంటి! పైన ఎంత సన్నగా పలుకుతోందో చూడు."

పోయింది రికార్డు కాదు, నా చెవులని అర్థమైంది. అప్పుడు కూడా నోరు విప్పలేదు.

మోత మొదలైన పన్నెండో రోజున ఆయన కాగితం చూశారు. "చివరిసారి ఏంటి సువార్తా? ఏం చేసుకుందామనుకుంటున్నావ్?"

"అయ్యో, అది కాదండీ!" అంటూనే ఏడుపొచ్చింది. అంతా చెప్పేశాను. ఆయన చొక్కా వేసుకుని రిక్షా పిలిచారు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నారు డాక్టరుగారు.

"పన్నెండు రోజులండీ."

కోప్పడతారనుకున్నాను. కలం పక్కన పెట్టి నెమ్మదిగా అన్నారు: "ఊపిరితిత్తులకి ఇంకో మందుంది నా దగ్గర. చెవులకి లేదమ్మా."

ఆ ఒక్క సంగతీ మొదటి రోజే అడిగి ఉంటే! ఇంజెక్షన్ అక్కడికక్కడే ఆపి ఎథాంబుటాల్ మాత్రలు రాశారు. ఈఎన్‌టీ డాక్టరుగారు వినికిడి పరీక్ష చేసి, ఆడియోగ్రామ్ తీసి, "రెండు చెవులకీ హై ఫ్రీక్వెన్సీ లాస్, అంటే పైస్థాయి సన్నటి శబ్దాలు అందవు. పోయింది తిరిగి రాదు. ఇక్కడితో ఆగుతుందా లేదా అన్నది ఇప్పుడే చెప్పలేను" అన్నారు.

తర్వాతి రెండు నెలలు మొదటి రోజుకన్నా ఎక్కువ భయపడ్డాను. రోజూ పొద్దున వయొలిన్ పెట్టి, ఎక్కడ వినిపించడం మానేస్తోందో చూసుకునేదాన్ని. ఒక రోజు తల తిరిగి స్నానాలగదిలో పడ్డాను. మణికట్టు విరిగింది. కొత్త మందుతో కళ్లు జాగ్రత్త, రంగులు తేడాగా కనిపిస్తే ఆ రోజే రమ్మన్నారు. ఈసారి చీర వెలిసినా పరిగెత్తుకెళ్లి చెప్పేదాన్ని. మూడో నెలలో స్ప్యూటమ్ నెగెటివ్ వచ్చింది. వినికిడి అంతకన్నా తగ్గలేదని రెండో ఆడియోగ్రామ్ చెప్పింది. మావారు ఆ రిపోర్టు చేతిలో పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ప్రార్థన చేశారు.

ఏడాదిన్నర కోర్సు పూర్తయింది. ఎక్స్‌రేలో ఇప్పుడు సన్నటి మచ్చ మాత్రమే ఉంది. మళ్లీ బడికి వెళ్తున్నాను. పిల్లల మాటల్లో స, శ సరిగ్గా అందవు. గొంతు సన్నగా ఉన్నవాళ్లను ముందు బల్లల మీద కూర్చోబెట్టుకుంటాను. పామర్రు నుంచి తిరిగొచ్చిన మేరీ ఏం చెప్పాలన్నా ఎదురుగా వచ్చి నిలబడి చెబుతుంది. రాగం పైకి వెళ్లేచోట్లు పోయినా, నాదస్వరం, డోలు, మగవాళ్లు పాడే కీర్తనలు బాగానే వినిపిస్తాయి. జలుబుతో చెవులు దిబ్బడేస్తే చాలు, ఇప్పటికీ వయొలిన్ పెట్టి చూసుకుంటాను.

ఇది చదివేవారిలో ఎవరైనా ఆ ఇంజెక్షన్ మీద ఉంటే ఒక్క మాట. చెవిలో చిన్న మోత వచ్చినా, నడకలో తూలినా, ఆ రోజే డాక్టరుకు చెప్పండి. మందు మీ అంతట మీరు మానకండి, బాధను దాచనూ దాచకండి. మీకు తెలియని రెండో దారి ఆయన దగ్గర ఉండవచ్చు.